కంప్రెసర్ గాలితో నడిచే వాక్యూమ్: కొనేముందు కట్టవలసిన లెక్కలు

పలాస పరిసరాల్లోని జీడిపప్పు కర్మాగారాల్లోనైనా, విజయనగరం వైపు జనపనార మిల్లుల్లోనైనా, టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ షెడ్లలోనైనా షిఫ్ట్ ముగిసే వేళకు చాలాచోట్ల ఒకే దృశ్యం కనిపిస్తుంది. ఎవరో ఒకరు ఎయిర్ గన్ అందుకొని యంత్రాల మీద, నేల మీద, చివరికి ఒంటి మీది బట్టల మీద కూడా గాలి కొడతారు. దుమ్ము అక్కడి నుంచి లేస్తుంది గానీ ఎక్కడికీ పోదు. దూలాల మీద, లైట్ల మీద, పక్కన పనిచేసేవారి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఈ అలవాటును మాన్పించాలనుకున్న యజమానికి ముందుగా తట్టే ఆలోచన, ఉన్న కంప్రెసర్ గొట్టానికే గాలితో నడిచే వాక్యూమ్ తగిలించవచ్చు కదా అన్నది. ఆలోచన మంచిదే. అయితే దుకాణంలో చెప్పే మూడు మాటలు, అంటే కరెంటు అక్కర్లేదు, మోటారు లేదు కాబట్టి పాడవదు, నిప్పురవ్వ రాదు కాబట్టి ప్రమాదం లేదు అన్నవి, ఒక్కొక్కటీ సగం మాత్రమే నిజం. మిగతా సగం తెలియకుండా కొన్న యంత్రం ఆరు నెలల్లో స్టోర్ రూములో మూలపడుతుంది, ఎయిర్ గన్ మళ్లీ చేతికి వస్తుంది.

యంత్రం లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. 6 బార్ల (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనమంత) ఒత్తిడితో వచ్చిన గాలిని సన్నటి నాజిల్ గుండా వదిలితే అది ధ్వని వేగాన్ని అందుకుంటుంది. అంత వేగంగా దూసుకుపోయే గాలి తన చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుపోతుంది. లాక్కుపోయిన చోట ఒత్తిడి తగ్గుతుంది, ఆ తగ్గిన ఒత్తిడే మనకు పీల్పుగా అందుతుంది. ఇరుకైన దారిలో ప్రవాహ వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుందన్న సంగతిని ఇటలీ శాస్త్రవేత్త వెంచురి 1797లో తన ప్రయోగాలతో ప్రచురించాడు కాబట్టి దీనికి ఆయన పేరే నిలిచింది. ఆవిరి రైలింజన్ల రోజుల్లో బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించిన ఇంజెక్టర్ కూడా ఈ కుటుంబంలోదే. ఫ్రాన్సుకు చెందిన జిఫార్ 1858లో దానికి పేటెంటు పొందాడు. తిరిగే భాగం ఒక్కటి కూడా లేకుండా ఒక ప్రవాహం మరో ప్రవాహాన్ని లాగడమే ఇందులో ఉన్న చమత్కారం. అరిగే బ్రష్షులు, కాలిపోయే వైండింగు, నార చుట్టుకుపోయే ఫ్యాను ఏవీ ఉండవు. ఆ మేరకు పాడవదన్న మాట నిజమే.

మార్కెట్లో దొరికేవాటిలో రెండు తీర్లున్నాయి, కొనేవారు చాలామంది ఈ తేడానే గమనించరు. మొదటి తీరులో ఎజెక్టర్, అంటే ఇందాక చెప్పిన నాజిల్ ఉన్న పీల్పు భాగం, డ్రమ్ము మూత మీద కూర్చుంటుంది. డ్రమ్ములోని గాలిని అది లాగితే దుమ్ము హోస్ గుండా డ్రమ్ములోకి వచ్చి ఫిల్టర్ దగ్గర ఆగిపోతుంది, శుభ్రపడిన గాలి మాత్రమే ఎజెక్టర్ గుండా బయటికి పోతుంది. రెండవ తీరులో దుమ్ము కూడా ఎజెక్టర్ గుండానే ప్రయాణించి అవతలి వైపు సంచిలోనో డ్రమ్ములోనో పడుతుంది. రెండవది చవక, చేతిలో ఇమిడిపోతుంది, లేత్ మీది ఇనుప రజను ఎత్తడానికి, ఒక తొట్టిలోని గింజలను మరో తొట్టిలోకి పంపడానికి చక్కగా పనికివస్తుంది. కానీ గ్రానైట్ పొడి వంటి గరుకు పదార్థం దాని లోపలి గోడలను కొద్దికాలంలోనే తినేస్తుంది. పీల్చిన గాలితోపాటు కంప్రెసర్ గాలి కూడా సంచి గుడ్డలోంచే బయటికి రావాలి కాబట్టి, సంచి ఏమాత్రం పూడినా సన్నటి దుమ్ము అంతా కుట్ల మధ్య నుంచి మళ్లీ గదిలోకే చిమ్ముతుంది. ఊపిరికి హాని చేసే దుమ్ము ఉన్నచోట ఈ రెండవ తీరు వద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను.

రెండు అంకెలు, ఒక వంపు గీత

కేటలాగు తెరిస్తే రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఒకటి నిమిషానికి ఎంత గాలి పీలుస్తుందన్నది, రెండవది ఎంత శూన్యత వరకు లాగగలదన్నది. రెండూ అబద్ధం కాదు, కానీ రెండూ ఒకే క్షణంలో దొరికేవి కావు. గరిష్ఠ గాలి పరిమాణం హోస్, ఫిల్టర్ ఏదీ తగిలించకుండా నోరు పూర్తిగా తెరిచి కొలిచినది. గరిష్ఠ శూన్యత నోరు పూర్తిగా మూసి కొలిచినది. మన పని ఎప్పుడూ ఈ రెండింటి నడుమ ఎక్కడో జరుగుతుంది. హోస్ పొడవు, వంపులు, ఫిల్టర్ మీద పేరుకున్న దుమ్ము కలిసి అడ్డుపడే కొద్దీ శూన్యత పెరుగుతుంది, పీల్చే గాలి తగ్గుతుంది. కాబట్టి అమ్మేవారిని అడగవలసింది ఈ రెండు అంకెలు కాదు, వాటిని కలిపే వంపు గీత, అంటే ఎంత శూన్యత దగ్గర ఎంత గాలి పీలుస్తుందో చూపే గ్రాఫు. దాన్ని ఇవ్వలేని వ్యాపారి దగ్గర కొనకపోవడమే మేలు.

ఆ గీత మీద మనకు కావలసిన చోటు ఎక్కడో దుమ్మును బట్టి తేలుతుంది. పొడి దుమ్ము హోస్ అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే లోపల గాలి వేగం సుమారుగా సెకనుకు 20 మీటర్లు ఉండాలి. ఇనుము, మాంగనీసు వంటి బరువైన పొడికి ఇంకా ఎక్కువే కావాలి. 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న హోస్‌లో ఆ వేగం రావాలంటే నిమిషానికి దాదాపు 48 ఘనపుటడుగుల గాలి, అంటే 48 సీఎఫ్ఎం పీల్చాలి. అదే 50 మిల్లీమీటర్ల హోస్ అయితే 83 సీఎఫ్ఎం కావాలి. ఎక్కువ చెత్త పడుతుందన్న ఆశతో లావు హోస్ తగిలించినప్పుడు పీల్పు నీరసించడానికి కారణం ఇదే. గాలి అంతే ఉంటుంది, దారి వెడల్పవుతుంది, వేగం పడిపోతుంది.

ద్రవాల దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, అక్కడ గాలి పరిమాణం కంటే శూన్యతే ముఖ్యం. వాతావరణ పీడనం మొత్తం ఉపయోగించినా నీటిని 10.3 మీటర్లకు మించి పైకి పీల్చలేం. డ్రమ్ము మీద బిగించే వాక్యూమ్ 250 మిల్లీబార్ల శూన్యత ఇస్తుందనుకుంటే నీటిని రెండున్నర మీటర్ల ఎత్తుకు లాగుతుంది. టెక్కలి షెడ్లలో పాలిషింగ్ యంత్రాల కింద గుంటల్లో చేరే రాతి బురద నీటికి ఒకటిన్నర రెట్ల దాకా బరువుండవచ్చు. సాంద్రత 1.4 అనుకుంటే అదే వాక్యూమ్ 1.8 మీటర్లతో ఆగిపోతుంది. గుంట రెండు మీటర్ల లోతు ఉంటే యంత్రంలో లోపం లేకపోయినా పని జరగదు. అనుభవమున్న మేస్త్రీలు నాజిల్‌ను పూర్తిగా ముంచకుండా కొంచెం వాల్చి, బురదతోపాటు గాలిని కూడా మింగనిస్తారు. గొట్టంలోని బురద ముక్కలు ముక్కలై తేలికపడి పైకెక్కుతుంది. ఈ చిట్కా వాడాలంటే శూన్యతతోపాటు గాలి పరిమాణం కూడా ఉన్న యంత్రమే కావాలి.

గాలి ఉచితం కాదు

కరెంటు అక్కర్లేదన్న మాటను ఇప్పుడు తూకం వేద్దాం. వాక్యూమ్‌కు కరెంటు అక్కర్లేదు, కంప్రెసర్‌కు కావాలి. నాజిల్ గుండా గాలి ధ్వని వేగంతో పోతున్నప్పుడు అది ఎంత గాలి తాగుతుందో రెండే నిర్ణయిస్తాయి, రంధ్రం వ్యాసం, లైనులోని ఒత్తిడి. 6 బార్ల దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం సుమారు 20 సీఎఫ్ఎం, 4 మిల్లీమీటర్ల రంధ్రం 36 సీఎఫ్ఎం, 6 మిల్లీమీటర్ల రంధ్రం 80 సీఎఫ్ఎం తాగుతాయి. కేటలాగులో ఏం రాసినా డ్రిల్ బిట్టు పెట్టి నాజిల్ రంధ్రం కొలిస్తే దాని ఆకలి ఎంతో మనకే తెలిసిపోతుంది. మన వర్క్‌షాపుల్లో ఒక హెచ్‌పీకి నాలుగు సీఎఫ్ఎం అని నోటిలెక్క ఒకటుంది. 7 బార్ల దగ్గర అది వాస్తవానికి చాలా దగ్గరగా ఉంటుంది. అంటే 4 మిల్లీమీటర్ల నాజిల్ ఒక్కటి కంప్రెసర్ దగ్గర 9 హెచ్‌పీ, అంటే 6.7 కిలోవాట్లు లాగుతుంది.

దీన్ని రూపాయల్లోకి మారుద్దాం. రోజుకు నాలుగు గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిపితే 8,040 యూనిట్లు ఖర్చవుతాయి. యూనిట్ 7 రూపాయలనుకుంటే 56 వేల రూపాయలు దాటుతుంది. దాదాపు ఇదే పని చేసే 1.5 కిలోవాట్ల కరెంటు వాక్యూమ్‌కు అన్ని గంటలకూ అయ్యేది 12,600 రూపాయలు. కొనేటప్పుడు మిగిలిందనుకున్న డబ్బు మొదటి ఏడాదిలోనే మీటరు గుండా వెళ్లిపోతుంది. కాబట్టి రోజంతా నేల ఊడ్చే పనికి గాలి వాక్యూమ్ కొనడం తప్పు. పది నిమిషాలు, పావుగంట చొప్పున అప్పుడప్పుడు వాడే పనికి, తడి చోటికి, మోటారు బతకలేని చోటికి అది సరైనది. ఆ లెక్కలో కరెంటు ఖర్చు చాలా తక్కువకు దిగుతుంది, మోటారు మార్చే ఖర్చు అసలే ఉండదు.

ఖర్చు భరించగలిగినా కంప్రెసర్ భరించగలదా అన్నది వేరే ప్రశ్న. బొబ్బిలి వైపు ఒక చిన్న యూనిట్‌లో ఈ సంగతి నేను దగ్గరుండి చూశాను. అక్కడ 10 హెచ్‌పీ పిస్టన్ కంప్రెసర్ ఉంది, దాని ప్లేటు మీద 40 సీఎఫ్ఎం అని ఉంది. 36 సీఎఫ్ఎం తాగే వాక్యూమ్ కొన్నారు. కాగితం మీద సరిపోయింది. ప్లేటు మీద ఉన్నది పిస్టన్ కదిలినప్పుడు ఊడ్చే ఘనపరిమాణం మాత్రమేనని, నిజంగా బయటికి వచ్చే గాలి, అంటే ఎఫ్ఏడీ, అందులో ముప్పావు వంతు కూడా ఉండకపోవచ్చని ఎవరూ చెప్పలేదు. వచ్చేది 29 సీఎఫ్ఎం, అందులో 15 ఇతర యంత్రాల సిలిండర్లకే పోతోంది. 500 లీటర్ల ట్యాంకు 8 బార్ల నుంచి 6 బార్లకు దిగేలోపు ఇవ్వగలిగింది వెయ్యి లీటర్ల గాలి. మిగిలిన 14 పోగా వాక్యూమ్‌కు ఇంకా 22 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 620 లీటర్ల లోటు ఉన్నప్పుడు ఆ నిల్వ ఒకటిన్నర నిమిషానికి మించి నిలవలేదు. తొలి నిమిషంలో వాక్యూమ్ అద్భుతంగా పీల్చింది, ఆ నిమిషమే కొనేవారికి చూపించారు. ఆ తరువాత పీల్పూ పోయింది, ప్యాకింగ్ యంత్రం సిలిండర్లూ నీరసించాయి. యంత్రం పనికిరాదని ఆపరేటర్లను తిట్టడం విని నాకు బాధ కలిగింది. తప్పు వారిది కాదు, ఎవరూ కట్టని లెక్కది.

కంప్రెసర్ సరిపోయినా మధ్యలో గొట్టం మోసం చేయవచ్చు. 15 మీటర్ల దూరానికి 50 సీఎఫ్ఎం పంపాలనుకోండి. 19 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో ఒత్తిడి 0.1 బార్ తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల గొట్టంలో దాదాపు 1 బార్ తగ్గుతుంది. ఎయిర్ గన్‌కు వాడే 8 మిల్లీమీటర్ల గొట్టంలో అంత గాలి వెళ్లడం అసలు సాధ్యమే కాదు. చాలాచోట్ల వాక్యూమ్‌ను తగిలించేది ఆ ఎయిర్ గన్ గొట్టానికే. గొట్టాలను చటుక్కున కలిపే ఇరుకైన క్విక్ కప్లర్లు కూడా ఇలాంటి నష్టమే చేస్తాయి. ఈ లోటును ఒత్తిడి పెంచి పూడ్చాలనుకోవడం మరో పొరపాటు. ఎజెక్టర్‌ను ఏ ఒత్తిడికి రూపొందించారో దాన్ని మించితే గాలి ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, పీల్పు మాత్రం పెరగదు. కంప్రెసర్ ఒత్తిడిని ఒక్క బార్ పెంచినందుకు విద్యుత్తు 6 నుంచి 7 శాతం అదనంగా కాలుతుంది.

మన ప్రాంతానికి సంబంధించి మరొక సంగతి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు సముద్రం పక్కనివి, వానాకాలంలో గాలి నిండా చెమ్మే. 35 డిగ్రీల ఉష్ణోగ్రత, 80 శాతం తేమ ఉన్న రోజున 100 సీఎఫ్ఎం కంప్రెసర్ గంటకు ఐదు లీటర్లకు పైగా నీటిని ఆవిరి రూపంలో మింగుతుంది. 7 బార్లకు నొక్కి మళ్లీ చల్లార్చాక అందులో దాదాపు నాలుగున్నర లీటర్లు నీరై బయటపడతాయి. ఎనిమిది గంటల షిఫ్ట్‌కు అది రెండు బిందెల నీళ్లు. ట్యాంకు కింది కుళాయి తెరిచి వదలకపోతే ఆ నీరంతా లైన్లలోకి నడుస్తుంది. రెండవ తీరు వాక్యూమ్‌లో అది నేరుగా దుమ్ములో కలిసి, జీడిపప్పు పొట్టునైనా బియ్యపు తవుడునైనా ముద్ద చేసి సంచికి అంటిస్తుంది. నీటిని తనంతట తానే వదిలే ఆటో డ్రెయిన్, గాలిని చల్లబరిచి చెమ్మ తీసే రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్ లేని చోట ముందు వాటికి డబ్బు పెట్టి, వాక్యూమ్ సంగతి తరువాత చూడడం మంచిది.

నిప్పురవ్వ మోటారులోనే పుట్టదు

ఈ వ్యాసం రాయడానికి నన్ను ఎక్కువగా పురికొల్పింది ఈ భాగమే. మోటారు లేదు కాబట్టి మండే దుమ్ము దగ్గర గాలి వాక్యూమ్ నిర్భయంగా వాడవచ్చన్న మాట చాలామంది నోట విన్నాను. మోటారు నిప్పురవ్వ లేకపోవడం పెద్ద మేలే, ఆ కారణంగానే మందుల కంపెనీల్లో, ద్రావకాల దగ్గర దీన్ని ఎంచుకుంటారు. కానీ ఎండు పొడి ప్లాస్టిక్ గొట్టం గోడలను సెకనుకు 20 మీటర్ల వేగంతో రాసుకుంటూ పోతున్నప్పుడు స్థిర విద్యుత్తు పుట్టక మానదు. చలికాలంలో స్వెటర్ విప్పేటప్పుడు చిటపటమనే ఆ విద్యుత్తే ఇక్కడ గొట్టం పొడవునా పోగవుతుంది. కొన్ని సన్నటి సేంద్రియ పొడులు గాలిలో లేచి ఉన్నప్పుడు 10 మిల్లీజౌళ్ల కంటే తక్కువ శక్తి గల రవ్వకే అంటుకుంటాయి. ప్లాస్టిక్ హోస్ చివర ఇనుప నాజిల్ తగిలించడం అన్నింటికన్నా చెడ్డది, ఎందుకంటే భూమితో సంబంధం లేని ఆ లోహపు ముక్కలో ఛార్జి నిండి, ఏ యంత్రపు బాడీకో దగ్గరగా వెళ్లగానే ఒక్కసారిగా దూకుతుంది.

అందువల్ల మండే దుమ్ము ఉన్నచోట నాజిల్, హోస్, డ్రమ్ము, ఫిల్టర్ పంజరం, ఎజెక్టర్, ట్రాలీ అన్నీ విద్యుత్తును పారనిచ్చేవై ఉండాలి. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఎర్త్‌కు చేరాలి. నాజిల్ కొస నుంచి ఎర్త్ వరకు నిరోధం ఒక మెగా ఓమ్‌కు లోపు ఉందో లేదో మీటరుతో కొలిచి రాసుకోవాలి, అదీ కొన్ననాడు ఒక్కసారి కాదు, హోస్ మార్చిన ప్రతిసారీ. రబ్బరు చక్రాల మీద తిరిగే డ్రమ్ముకు ఎర్త్ క్లిప్పు లేకపోతే మిగతాదంతా చేసినా ఫలితం ఉండదు. కంప్రెసర్ గాలిని డ్రయ్యర్‌తో బాగా ఆరబెట్టిన కొద్దీ స్థిర విద్యుత్తు ముప్పు పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. చెమ్మ గురించి ఇందాక చెప్పిన సలహాను పాటించినవారు ఎర్తింగ్ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

దుమ్ము పేలుతుందంటే మన దగ్గర ఇంకా చాలామంది నమ్మరు. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పోర్ట్ వెంట్‌వర్త్ అనే చోట ఒక చక్కెర శుద్ధి కర్మాగారంలో జరిగిన పేలుడులో 14 మంది చనిపోయారు. అక్కడ మండింది మనం టీలో వేసుకునే చక్కెరే. మూసి ఉన్న కన్వేయర్‌లో మొదలైన చిన్న పేలుడు కట్టడాన్ని కుదిపింది. ఏళ్ల తరబడి నేల మీద, దూలాల మీద, యంత్రాల మీద పేరుకున్న పొడి ఒక్కసారిగా గాలిలోకి లేచింది. ప్రాణాలు తీసింది ఆ రెండవ మంటే. మిల్లీమీటరు మందం కూడా లేని పొర విశాలమైన షెడ్డంతటా పరచుకొని ఉంటే చాలు, ఈ రెండవ పేలుడుకు సరిపడా ఇంధనం ఉన్నట్టే. చక్కెర, పిండి, కొయ్యపొడి, మందుల పొడులు, కొన్ని లోహపు పొడులు ఈ కోవలోకి వస్తాయి. మండే దుమ్ము గురించి మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే 37వ సెక్షన్‌ను ప్రత్యేకంగా రాశారంటే ఇది కొత్తగా కనిపెట్టిన భయం కాదు. ఎయిర్ గన్‌తో దూలం మీది పొడిని ఊదడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎర్తింగ్ సరిగా ఉన్న వాక్యూమ్ అక్కడ సౌకర్యం మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా.

రణస్థలం మండలంలోని పైడిభీమవరం వంటి చోట్ల మందుల తయారీలో ఉన్నవారికి మరో ప్రశ్న కూడా ఎదురవుతుంది. ఎజెక్టర్ నుంచి వచ్చే గాలిలో కంప్రెసర్ నూనె తుంపర్లు ఉంటే అవి గదిలోకి, అక్కడి నుంచి ఉత్పత్తిలోకి చేరతాయి. గాలి శుభ్రతను ఐఎస్ఓ 8573 ప్రమాణం తరగతులుగా విభజించింది. ఆహారం, మందులు ఉన్నచోట తమ లైను ఏ తరగతిలో ఉందో తెలుసుకోకుండా గాలి వాక్యూమ్ పెట్టకూడదు. జీడిపప్పుకు కూడా ఇదే వర్తిస్తుంది.

డ్రమ్ము, ఫిల్టర్, చెవులు

200 లీటర్ల పాత డ్రమ్ము మీద మూత బిగించి వాడుకోవచ్చని చెబుతారు. ఆ మూత వైశాల్యం పావు చదరపు మీటరుకు పైనే ఉంటుంది. లోపల 250 మిల్లీబార్ల శూన్యత ఉంటే బయటి గాలి దాన్ని దాదాపు 650 కిలోల బరువుతో నొక్కుతుంది. తుప్పు పట్టి పలచబడిన డ్రమ్ము హోస్ మూసుకుపోయిన క్షణంలో సొట్టపడి ముడుచుకుపోతుంది. శూన్యతను అదుపులో ఉంచే రిలీఫ్ వాల్వు మూత మీద ఉండి తీరాలి. పీల్చిన ద్రవాన్ని తిరిగి బయటికి పంపే రకాలలో డ్రమ్ములోకి ఒత్తిడితో గాలి ఎక్కుతుంది. అక్కడ పరిస్థితి తలకిందులవుతుంది కాబట్టి దానికి వేరే సేఫ్టీ వాల్వు కావాలి. ద్రవం నిండినప్పుడు పీల్పును ఆపే ఫ్లోట్ లేని యంత్రాన్ని బురద పనికి కొనవద్దు.

గ్రానైట్‌ను పొడిగా కోసేచోట, గ్రైండింగ్ చేసేచోట గాలిలో తేలేది సిలికా. కంటికి కనిపించనంత సన్నటి కణాలే ఊపిరితిత్తుల అడుగుకు చేరి సిలికోసిస్ తెస్తాయి. ఆ జబ్బు వచ్చాక నయం చేసే మందు లేదు. ముతక గుడ్డ సంచి పెద్ద కణాలను పట్టుకొని, ప్రాణాంతకమైన చిన్న కణాలను ఎజెక్టర్ గాలితో మరింత దూరం వెదజల్లుతుంది. నేల శుభ్రంగా కనిపిస్తుంది, గాలి మాత్రం మునుపటికంటే చెడిపోతుంది. ఇక్కడ హెచ్13 తరగతి హెపా ఫిల్టర్ అవసరం. పట్టుకోవడానికి అతి కష్టమైన పరిమాణంలోని కణాలలో కూడా 99.95 శాతం దానిలో ఆగుతాయి. అది త్వరగా పూడిపోకుండా దాని ముందు మామూలు ఫిల్టర్ ఒకటి ఉండాలి. హెపా అడ్డుపడినందువల్ల తగ్గే గాలిని కూడా వంపు గీత లెక్కలో ముందే కలుపుకోవాలి. నన్నడిగితే గ్రానైట్ పనిలో నీళ్లు కొడుతూ కోయడమే మొదటి రక్షణ, వాక్యూమ్ ఆ తరువాతది.

విజయనగరం జిల్లాలో 1890ల నుంచే మాంగనీసు తవ్వకాలున్నాయి, గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో అల్లాయ్ కొలుములు ఆ ఖనిజం మీదే ఎదిగాయి. మాంగనీసు దుమ్మును ఏళ్ల తరబడి పీలిస్తే నరాల వ్యవస్థ దెబ్బతిని నడక, మాట తడబడతాయి కాబట్టి ఫిల్టర్ విషయంలో అక్కడ కూడా రాజీ కుదరదు. దానికి తోడు ఆ దుమ్ములో వేడి ముక్కలుంటాయి. ఎజెక్టర్ స్టీలుదైతే వేడిని తట్టుకుంటుంది గానీ, పాలియెస్టర్ ఫిల్టర్ సంచి 130 డిగ్రీలు దాటితే నిలవదు. నివురుగప్పిన ఒక్క నిప్పుకణిక డ్రమ్ములో పడితే, గాలి ఆడుతున్నంతసేపూ అది కొలిమిలో బొగ్గులా రాజుకుంటుంది. జనపనార మిల్లులో అయితే ముప్పు మరోలా వస్తుంది. నూగు తేలిక కాబట్టి సులువుగా లేస్తుంది, కానీ పొడుగు పోచలు హోస్ వంపుల్లో పెనవేసుకొని ఉండకట్టుకుంటాయి. అక్కడ నునుపైన లోపలి గోడ, తక్కువ వంపులు, 50 మిల్లీమీటర్లకు తగ్గని హోస్ కావాలి. అంటే 80 సీఎఫ్ఎం పైచిలుకు పీల్పు కావాలి. మిల్లంతటికీ రోజూ వాడేటట్టయితే త్రీఫేజ్ బ్లోయర్‌తో కేంద్రీకృత వ్యవస్థ పెట్టుకోవడమే చవక. గాలి వాక్యూమ్‌ను మగ్గాల కింద, చేయి దూరని మూలలకు మాత్రమే ఉంచుకోవాలి.

శబ్దం గురించి ఒక మాట. సైలెన్సర్ లేని ఎజెక్టర్ వంద డెసిబెల్స్ దాటి అరుస్తుంది. 1948 చట్టం కింద వచ్చిన ఫ్యాక్టరీ నిబంధనలు ఎనిమిది గంటలకు పెట్టిన హద్దు 90. సైలెన్సర్ దుమ్ముతో పూడుకుపోయినప్పుడు ఫిట్టర్ దాన్ని విప్పి పక్కన పడేస్తాడు, అప్పటికి పీల్పు బాగుపడినట్టే ఉంటుంది. విడి సైలెన్సర్ ఒకటి మొదటే కొని స్టోరులో ఉంచితే ఆపరేటర్ చెవులు దక్కుతాయి.

చివరికి మన షెడ్డు దగ్గరే పరీక్ష చేయించుకోవాలి. అమ్మేవారి షోరూములో, అమ్మేవారి కంప్రెసర్ మీద, వారు తెచ్చిన థర్మోకోల్ గుళికల మీద చూపించే ప్రదర్శనకు విలువ లేదు. మన షెడ్డులో, మన లైను మీద, మన దుమ్ముతో, మిగతా యంత్రాలన్నీ నడుస్తున్న వేళ కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపించమనాలి. వాక్యూమ్ లోనికి గాలి వెళ్లే చోటనే టీ ఆకారపు జాయింటు ఒకటి బిగించి దానికి చిన్న ప్రెషర్ గేజ్ పెట్టాలి. కంప్రెసర్ దగ్గర గేజ్ ఎంత చూపిస్తుందన్నది ఇక్కడ పనికిరాదు. యంత్రం ఆగి ఉన్నప్పటి అంకె, మొదలైన వెంటనే అంకె, పదో నిమిషంలో అంకె, ఇరవయ్యో నిమిషంలో అంకె వరుసగా రాసుకోవాలి. మొదలుపెట్టగానే పడిపోతే గొట్టం ఇరుకు. నెమ్మదిగా దిగుతూ పోతే కంప్రెసర్ చాలదు. గేజ్ నిలకడగా ఉండి పీల్పు మాత్రం తగ్గితే ఫిల్టర్ పూడుతోంది. ఈ మూడింటిలో మొదటిది లావు గొట్టంతో, మూడవది పెద్ద ఫిల్టర్‌తో సరిపోతుంది. రెండవది కనిపిస్తే మాత్రం ఆ యంత్రాన్ని వచ్చిన ఆటోలోనే తిప్పి పంపి, ముందు లైన్ల లీకులు కట్టించుకోవాలి. 3 మిల్లీమీటర్ల లీకు ఒక్కటి మూస్తే మిగిలే 20 సీఎఫ్ఎంతో, రెండవసారి పరీక్షలో అదే యంత్రం నిలబడవచ్చు.